పాఠశాల, స్థానిక పత్రిక: కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం నేర్పిన పాఠాలు

(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాల విద్యాసంస్థ వేడుకలో పత్రికల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. వార్షికోత్సవానికి విలేఖరులను ఆహ్వానించడం, ముందు వరుసలో కుర్చీలు వేయడం, కాఫీ ఇవ్వడం, మరునాటి పత్రికలో ఎవరి ముఖం పడింది, ఎవరి ముఖం పడలేదు అని వెతుక్కోవడం, చాలా పాఠశాలల్లో పత్రికలతో సంబంధం ఇంతటితో ముగిసిపోతుంది. మరుసటి ఏడు వార్షికోత్సవం వచ్చేదాకా ఆ విలేఖరి పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. కాని దక్షిణ తమిళనాట, కోవిల్‌పట్టి నుండి విరుదునగర్ వరకు వ్యాపించిన నల్లరేగడి సీమలో, పత్రికలో వచ్చిన ఒక వార్త దేశ సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్లి, పసిబిడ్డల చదువును గురించి ఒక తీర్పుగా తిరిగి వచ్చింది. అందుచేత ఈ విషయానికి ఆ సీమకంటె తగిన ఉదాహరణ దొరకదు.

ముందుగా ఆ ప్రాంతపు పరిస్థితి కొంత తెలియాలి. కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాలు రెండూ మదురై నుండి తిరునెల్వేలి పోయే రహదారి మీదనే ఉన్నవి. నడుమ సాత్తూరు. దూరం సుమారు 50 కిలోమీటర్లు. పూర్వపు రామనాథపురం జిల్లాను విభజించి 1985లో విరుదునగర్ కేంద్రంగా జిల్లా ఏర్పరిచారు. మరుసటి సంవత్సరం, 1986లో, తిరునెల్వేలి జిల్లా నుండి తూత్తుకుడి జిల్లా వేరుపడి, కోవిల్‌పట్టి అందులో చేరింది. పంట ఒకటే, పరిశ్రమ ఒకటే, మాట తీరు ఒకటే. అయినా కోవిల్‌పట్టి వార్త సాధారణంగా తిరునెల్వేలి వైపు సంచికలో అచ్చవుతుంది, విరుదునగర్ వార్త మదురై వైపు సంచికలో అచ్చవుతుంది. కోవిల్‌పట్టిలోని పాఠశాల తన గొప్ప విజయాన్ని పత్రికలో చూసుకొని మురిసిపోతున్న ఉదయాన, విరుదునగర్‌లోని పూర్వ విద్యార్థికి ఆ ఊసే తెలియకపోవచ్చు. ఈ చిన్న విషయం తెలియక ఎన్ని పాఠశాలలు ఒకే కార్యాలయానికి ఒకే ప్రకటన పంపి, ‘ఎవరూ పట్టించుకోలేదు’ అని నొచ్చుకున్నవో!

తమిళ దినపత్రికలు దక్షిణాదిలో బాగా వేళ్లూనుకున్నవి. ‘దిన తంతి’ని ఆదిత్తనార్ 1942లో స్థాపించినది మదరాసులో కాదు, మదురైలో. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవాడు కూడా చదవగలిగే తేలిక తమిళం దాని బలం. ‘దినమలర్’ 1951లో తిరువనంతపురంలో పుట్టి, 1957లో తిరునెల్వేలికి తరలివచ్చింది. టీకొట్టు బల్ల మీద ఒకరు పైకి చదువుతుంటే పదిమంది వినడం ఈ ఊళ్లలో తరాల అలవాటు. కనుక పాఠశాలను గురించిన ఒక వాక్యం, మంచిదైనా చెడ్డదైనా, అచ్చయిన ప్రతుల సంఖ్యకు ఎన్నో రెట్ల మందికి చేరుతుంది.

ఇక అసలు కథ. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల వర్షం తక్కువ, భూమి మొండి. అగ్గిపెట్టెలు, బాణసంచా పరిశ్రమలు ఎన్నో కుటుంబాలకు కూడు పెట్టినవి, నేటికీ పెడుతున్నవి. దానిని తక్కువ చేసి మాట్లాడకూడదు. కాని 1970, 1980 దశకాలలో ఆ పనిలో వేలాది పిల్లలు ఉండేవారు. పుల్లలను చట్రాలలో పేర్చడం, పెట్టెలు అతికించడం, చీటీలు అంటించడం వంటివి చిన్న వేళ్లకు సులువైన పనులని చెప్పేవారు. తెల్లవారక ముందే కర్మాగారాల బస్సులు పల్లెలకు వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోయేవి. పాఠశాల గంట మోగే వేళకు ఆ పిల్లలు పనిలో అప్పటికే అలసిపోయి ఉండేవారు.

ఈ సంగతి ఊరిలో అందరికీ తెలుసు. తెలియనిదల్లా ఊరి బయటివారికే. 1980 దశకంలో పత్రికలు ఈ విషయాన్ని పదే పదే వ్రాసినవి. 1986లో బాల కార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. 1988లో జాతీయ బాల కార్మిక పథకం కింద ప్రత్యేక పాఠశాలలు తెరవడం మొదలైనప్పుడు శివకాశి తొలి ప్రాంతాలలో ఒకటి. 1991లో శివకాశి దగ్గరి బాణసంచా కర్మాగారంలో ప్రమాదం జరిగి 39 మంది మరణించారు. పత్రికలలో వచ్చిన ఆ వార్తను చూసి సుప్రీం కోర్టు తనంతట తానే విషయాన్ని విచారణకు తీసుకున్నది. న్యాయవాది ఎం.సి. మెహతా వ్యాజ్యంగా ప్రసిద్ధి చెందిన ఆ విషయంలో 1996 డిసెంబరు 10న తీర్పు వెలువడింది. చట్టాన్ని ఉల్లంఘించి పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బాలునికీ 20,000 రూపాయల చొప్పున యజమాని పునరావాస నిధికి చెల్లించాలి. ఆ బాలుని బదులు ఇంటిలోని పెద్దవారికి పని చూపాలి, లేదా ప్రభుత్వం 5,000 రూపాయలు ఆ నిధికి జమచేయాలి. బాలుణ్ణి బడిలో చేర్పించాలి. ఇదీ తీర్పు సారం. అమలు ఎంతవరకు జరిగిందన్నది వేరే చర్చ. ఒక స్థానిక విలేఖరి పరుగున వెళ్లి మృతుల సంఖ్య, ఊరి పేరు సరిగా కనుక్కొని పంపకపోతే ఆ కాగితం ఢిల్లీదాకా నడిచేదే కాదు.

ఇక్కడ ఉపాధ్యాయులు తమను తాము అడుగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఏ బిడ్డ ఎప్పటి నుండి బడికి రావడం మానేశాడో మొట్టమొదట తెలిసేది ఎవరికి? లేబరు అధికారికి కాదు, విలేఖరికి కాదు. హాజరు పట్టికలో వరుసగా ‘గై’ వేసే ఉపాధ్యాయురాలికి. ఆ పట్టికను మించిన సత్యమైన వార్తాపత్రిక ఏ ఊరిలోనూ లేదు. అయినా అది బీరువాలోనే ఉండిపోయేది. కారణాలు తెలియనివి కావు. కర్మాగారపు యజమానే పాఠశాలకు గదులు కట్టించిన దాత కావచ్చు. బాలుని తండ్రే గ్రామ విద్యా సంఘంలో సభ్యుడు కావచ్చు. పైగా ఆ కుటుంబానికి ఆ కూలి లేకుంటే పొయ్యి వెలగదు. ఉపాధ్యాయురాలు నోరు విప్పితే బదిలీ, విప్పకుంటే అంతరాత్మ బాధ. ఈ సంకటం పైకి చెప్పుకొనేది కాదు గాని, ఆ సీమలో పనిచేసిన ప్రతి ఉపాధ్యాయునికీ ఎరుకే.

దీనికి నాడు కొందరికి తోచిన, నేటికీ పనికివచ్చే ఉపాయం ఒక్కటే: అంకె చెప్పాలి, పేరు చెప్పకూడదు. ‘జూన్‌లో ఇంతమంది చేరారు, డిసెంబరుకు ఇంతమంది మిగిలారు’ అనే మాట పాఠశాల యాజమాన్యం అనుమతితో, కార్యాలయపు ముద్రతో చెప్పవచ్చు. అందులో ఎవరినీ నిందించడం లేదు, ఎవరి ఇంటినీ వీధిన పెట్టడం లేదు. ఆ అంకె వెనుక ఉన్న కారణాన్ని వెతకడం విలేఖరి పని. నేటి చట్టం కూడా ఈ మార్గాన్నే ఖాయం చేసింది. 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, చట్టవిరుద్ధంగా పనిలో పెట్టబడిన బాలుని పేరు, చిరునామా, ఆఖరికి అతని పాఠశాల పేరు కూడా గుర్తుపట్టే విధంగా ప్రచురించరాదు. సదుద్దేశంతోనే అయినా బిడ్డ చేయి పట్టుకొని కెమెరా ముందు నిలబెట్టే ప్రధానోపాధ్యాయులు ఈ సంగతి ఎరగాలి.

పాఠశాలకు, పత్రికకు గల మైత్రి కష్టాలకే పరిమితం కాదు. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురం మహాకవి సుబ్రహ్మణ్య భారతి జన్మస్థలం. ఆ జమీందారులు తెలుగు మాతృభాష గల వంశీయులన్నది ఈ సభలోని వారికి ఆసక్తి కలిగించవచ్చు. భారతి కూడా ‘స్వదేశమిత్రన్’లో ఉప సంపాదకునిగా, తరువాత ‘ఇండియా’ వారపత్రికలో పనిచేసిన పత్రికా రచయితే. ఆయన పేరిట ఒక గ్రంథాలయం పెట్టుకోవాలని ఎట్టయపురంవారు సంకల్పించారు. వారి కోరిక చిన్నది. ‘కల్కి’ సంపాదకులు రా. కృష్ణమూర్తి ఆ సంగతిని తన పత్రికలో వ్రాసి విరాళాలు కోరగా, పాఠకులు పంపిన సొమ్ము గ్రంథాలయపు అవసరాన్ని దాటిపోయింది. 1945లో పునాది పడి, 1947 అక్టోబరు 13న భారతి మణిమండపం ప్రారంభమైంది. రాజాజీ ప్రారంభించారు. ఊరివారికి ఆలోచన ఉన్నది, పత్రికకు పాఠకులు ఉన్నారు. రెంటినీ కలిపినది ఒక రచయిత ఆ ఊరికి స్వయంగా వెళ్లి చూసి రావడం. పాఠశాల ఉత్తరం వ్రాసి ఊరుకోరాదు, ‘ఒకసారి వచ్చి చూడండి’ అని పిలవాలి అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కర లేదు.

తెలుగునాట ఇదే కాలపు మరొక నిదర్శనం నెల్లూరు జిల్లాది. 1992లో దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు సారా వ్యాపారాన్ని ఎదిరించారు. ‘ఈనాడు’ తన జిల్లా పుటలలో ఆ వార్తలను ప్రతినిత్యం ప్రచురించింది. ఒక ఊరివారు చేసినది పక్క ఊరివారు చదివారు, వారూ చేశారు. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. దానికి మూలం ఒక వాచకంలోని పాఠమని మరువరాదు. ఆ పాఠాన్ని ఊరు దాటించినది స్థానిక పుట.

తెలుగు మాధ్యమ పాఠశాలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. కోవిల్‌పట్టి, విరుదునగర్, రాజపాళయం, సాత్తూరు పరిసరాలలో తెలుగు మాట్లాడే కుటుంబాలకు కొదవ లేదు. కమ్మవారు, రెడ్లు, రాజులు, రాజకంబళంవారు, అరుంధతీయులు ఇళ్లలో తెలుగే మాట్లాడతారు; అది శతాబ్దాల నాటి తెలుగు, కోస్తావారు వింటే చెవులు రిక్కించే తెలుగు. కాని వారిలో చాలామందికి తెలుగు లిపి రాదు. చదువంతా తమిళంలోనే. మదరాసు నుండి వెలువడిన ‘ఆంధ్రపత్రిక’, ‘ఆంధ్రప్రభ’ల ప్రాభవ కాలంలో కూడా ఈ పల్లెలు చదివినది తమిళ పత్రికలనే. కాబట్టి తెలుగు పాఠశాలను గురించిన వార్త తెలుగు ఇళ్లకు చేరాలన్నా తమిళ పత్రికలోనే రావాలి. తెలుగులో వ్రాసిన పత్రికా ప్రకటన ఎంత సొగసుగా ఉన్నా, కోవిల్‌పట్టి విలేఖరి బల్ల మీద అది చదవని కాగితమే. మంచి తమిళంలో, ఒక పుటకు మించకుండా, పేర్లు తమిళ లిపిలో సరిగా వ్రాసి పంపాలి. తెలుగు పేర్లకు తమిళ లిపిలో క, గ భేదం లేకపోవడంతో ‘గోపి’ కాస్తా మరొకటిగా చదవబడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పక్కన ఫోను చేసి చెప్పడమే దానికి మందు.

తమిళంలో వ్రాయడం తెలుగుకు ద్రోహమని భావించే పెద్దలు కొందరు ఉన్నారు. వారికి కి. రాజనారాయణన్ గారిని గుర్తు చేయవలసి ఉంటుంది. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో 1922లో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన, తెలుగువారు ఉత్తరం నుండి తరలివచ్చి ఈ నల్లరేగడిలో నిలదొక్కుకున్న కథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో వ్రాశారు. దాని తరువాతి నవల ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పొలంలో, రచ్చబండ దగ్గర జనం పలికే కరిసల్ మాండలికానికి నిఘంటువు కూడా కూర్చారు. 2021లో ఆయన మరణించినప్పుడు తమిళ పత్రికలు పుటలకు పుటలు కేటాయించినవి. తెలుగువారి వలసను తమిళ పాఠకుడు తన ఇంటి కథవలె చదివాడు. పొరుగువాడి భాషలో మన కథ చెప్పడం వల్ల మన కథ తరగలేదు.

ఈ జాగ్రత్త అవసరమైన సందర్భం నిజంగానే వచ్చింది. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం అమలులోకి వచ్చి, ఒకటవ తరగతి నుండి ఏటేటా ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి అవుతూ 2015-16కు పదవ తరగతికి చేరింది. తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ అల్పసంఖ్యాక పాఠశాలలు న్యాయస్థానాలను ఆశ్రయించినవి. 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ ఏటి పదవ తరగతి పరీక్షకు మినహాయింపునిచ్చింది. ఇటువంటి విషయంలో ‘తెలుగువారు తమిళాన్ని వ్యతిరేకిస్తున్నారు’ అనే ఒక్క శీర్షిక చాలు, ఏళ్లుగా కలిసి ఉన్న ఊరిలో కలత రేగడానికి. అంతకు ముందు నుండి ఆ విలేఖరి పాఠశాలకు వస్తూ, తమిళ తరగతిని కూడా చూసి, తెలుగు బిడ్డ చక్కని తమిళం పలకడం చెవులారా విని ఉంటే ఆ శీర్షిక పెట్టడు. ‘మాతృభాషను కూడా పరీక్షలో నిలుపమంటున్నారు’ అని వ్రాస్తాడు. రెండు వాక్యాలకు ఎంత తేడా! ఆ తేడా వివాదం వచ్చిన రోజున సంపాదించేది కాదు.

విలేఖరి ఎవరు? పట్టణ విలేఖరులలో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను బట్టి కొద్ది మొత్తం ముడుతుంది. మరో చిన్న వ్యాపారమో, ఏజెన్సీయో పెట్టుకొని బతికేవారే ఎక్కువ. పైగా వార్షిక ప్రకటనలు సేకరించే భారం కూడా వారి నెత్తినే. సాయంకాలం లోగా వార్త పంపకపోతే మరునాటి సంచికలో చోటు ఉండదు. రాత్రి ఎనిమిది గంటలకు ముగిసే సభకు వారిని పిలిచి, ముఖ్య అతిథి ప్రసంగం చివర్లో ఉన్నదని కూర్చోబెట్టడం అన్యాయం. అతిథి ప్రసంగ సారాంశం ముందుగానే చేతికి ఇస్తే సరిపోతుంది. ఇక కవరులో డబ్బు పెట్టి ఇచ్చే ఆచారం కొన్నిచోట్ల ఉన్నది. అది మర్యాద కాదు. ఒకసారి కవరుకు అలవాటుపడిన మైత్రి, కవరు లేని రోజున శత్రుత్వం అవుతుంది. ప్రకటన ఇవ్వదలచుకుంటే బహిరంగంగా, రసీదు తీసుకొని ఇవ్వవచ్చు. దానికీ వార్తకూ ముడిపెట్టరాదు. నిజమైన మర్యాద వేరు. వచ్చినవారిని పేరు పెట్టి పలకరించడం, పెద్ద పత్రికవారికి కుర్చీ, చిన్న పత్రికవారికి గోడ అనే భేదం లేకుండా చూడడం, అడిగిన అంకె ఆ రోజే ఇవ్వడం.

చెడ్డ రోజు కూడా వస్తుంది. మధ్యాహ్న భోజనం తిన్న తరువాత పదిమంది పిల్లలకు వాంతులయ్యాయని అనుకుందాం. విరుదునగర్ కామరాజ్ గారి జన్మస్థలం. బడిలో అన్నం పెట్టిన ముఖ్యమంత్రిగా తమిళనాడు ఆయనను తలుచుకుంటుంది. ఆ సీమలో అన్నం చెడిందన్న వార్త రెండింతల వేగంతో పాకుతుంది. సహజంగా మొదట తోచేది గేటు మూయడం, ‘ప్రధానోపాధ్యాయురాలు లేరు’ అని ప్యూను చేత చెప్పించడం. మూసిన గేటు ఫోటోనే మరునాడు అచ్చవుతుంది. దానికి బదులు, మొదట పిల్లలను ఆసుపత్రికి చేర్చాలి. రెండవది తల్లిదండ్రులకు కబురు. మూడవది, ఒక్కరే, పాఠశాల పక్షాన ఒక్కరే, గేటు దగ్గరకు వచ్చి తెలిసినది మాత్రమే చెప్పాలి. ఎంతమంది, ఏ ఆసుపత్రి, ఎప్పుడు. కారణం తెలియకపోతే ‘పరీక్షకు పంపాము, తెలిసిన వెంటనే చెబుతాము’ అనాలి, చెప్పిన ప్రకారం మళ్లీ ఫోను చేయాలి. తల్లిదండ్రులకంటె ముందు పత్రికకు తెలియడం మాత్రం క్షమించరానిది.

చెడ్డ వార్తను ద్వేషించరాదు. 2004 జూలై 16న కుంభకోణంలో పాఠశాల అగ్నిప్రమాదంలో 94 మంది పసివారు బలయ్యారు. ఆ రోజుల్లో పత్రికలు ఊరూరా పాఠశాలల తాటాకు కప్పులను ఫోటోలు తీసి వేసినవి. చాలామంది యాజమానులు అవమానంగా భావించారు. కాని రాష్ట్రమంతటా ఆ కప్పులు దిగిపోయినవి.

వార్త తప్పుగా వస్తే ఏం చేయాలన్నది తల్లిదండ్రులు తరచు అడిగే ప్రశ్న. కోపంతో విలేఖరి ఇంటి మీదికి పోకూడదు. ఏ పత్రికలోనైనా సంపాదకుని పేరు, ముద్రాపకుని పేరు, ముద్రించిన చోటు ఒక మూల అచ్చై ఉంటవి. తప్పు వాక్యమేది, సరైన వాక్యమేది, ఆధారమేది అని మూడు ముక్కల్లో సంపాదకునికి ఉత్తరం వ్రాస్తే చాలా సందర్భాలలో సవరణ వస్తుంది. రాకపోతే ప్రెస్ కౌన్సిల్ ఉన్నది. దినపత్రిక విషయంలో ప్రచురణ జరిగిన రెండు నెలల లోపల, సంపాదకునికి వ్రాసిన ఉత్తరపు నకలుతో ఫిర్యాదు పంపాలి. కాని పాఠశాల తనవల్ల జరిగిన తప్పును తాను ముందుగా ఒప్పుకోవాలి. ఉత్తీర్ణత శాతం పొరపాటున ఎక్కువ చెప్పి ఉంటే, మరునాడే పాఠశాలే ఫోను చేసి సరిచేయించాలి. ఒక్కసారి అలా చేసిన పాఠశాల మాటను ఆ విలేఖరి మళ్లీ అనుమానించడు.

ఈనాడు పరిస్థితి మరికొంత మారింది. వార్త తెల్లవారుజామున వ్యానులో రావడానికి ముందే, రాత్రే వాట్సాప్‌లో తిరుగుతుంది. చేతిఫోనుతో యూట్యూబ్ ఛానల్ నడిపేవారు కూడా గేటు దగ్గర నిలబడతారు. వారినీ గౌరవంగానే చూడాలి గాని, తరగతి గదిలోకి కెమెరాను అనుమతించే ముందు పిల్లల తల్లిదండ్రుల లిఖిత సమ్మతి ఉండాలన్న నియమాన్ని ఎవరి కోసమూ సడలించరాదు.

పాఠశాల కార్యాలయంలో ఒక కత్తిరింపుల పుస్తకం ఉండడం మంచిది. పాఠశాలను పొగిడిన వార్తలే కాక, విమర్శించిన వార్తలు, సవరణలు, సంపాదకులకు వ్రాసిన ఉత్తరాల నకళ్లు కూడా తేదీ, సంచిక పేరుతో అందులో అతికించాలి. పూర్వ విద్యార్థుల ఇళ్లలో పాత పెట్టెల అడుగున ఇటువంటి పసుపురంగు కాగితాలు ఎన్నో ఉంటవి. అవి మదురై సంచికవైనా, తిరునెల్వేలి సంచికవైనా, ఈ ఉత్సవాలు ముగిసేలోగా తెచ్చి కార్యాలయంలో ఇస్తే, నకలు తీసుకొని అసలును భద్రంగా తిరిగి అప్పగిస్తారు.